హంద్రి మన యేఱు

ఈ యేడు వేసవి సెలవులకు ముందు మేము పైతరగతుల విద్యార్థులను ఒక చిన్న ప్రశ్న యడిగితిమి. "మీ యింటికి నీరు ఎక్కడనుండి వచ్చుచున్నది?" కొందఱు కొళాయినుండి యనిరి. కొందఱు ట్యాంకునుండి యనిరి. ఒక్కడు మాత్రము కొంతసే పాలోచించి "శ్రీశైలమునుండి" యని చెప్పెను. ఆ యుత్తరము తప్పు గాదు. హంద్రీ-నీవా కాలువ శ్రీశైల జలాశయపు నీటిని మల్యాలవద్ద యంత్రములతో పైకెత్తి, 2012వ సంవత్సరమునుండి కృష్ణగిరి, పత్తికొండ జలాశయముల మీదుగా అనంతపురమువైపు తీసికొనిపోవుచున్నది. కాని "హంద్రి" యని చెప్పిన బాలు డొక్కడును లేడు. ఆ కాలువ పేరులో మొదటి మాట హంద్రియే గదా! పేరు నోట నున్నది, యేఱు మనస్సున లేదు. ఆ సాయంకాలము మాకు కలిగిన విచారమే ఈ వ్యాసమునకు కారణము.

హంద్రి గొప్ప నది కాదు. గంగవలె మంచుకొండలలో పుట్టినది కాదు, మద్దికెర పొలములలో పుట్టినది. పుట్టినచోట దానిని చూచినవాడు దుక్కిచేల నడుమ పాఱు నీటిచా లనుకొనునే కాని నది యనుకొనడు. అక్కడినుండి వంకలను వాగులను కలుపుకొని, లద్దగిరివైపు ఎఱ్ఱమలనుండి వచ్చు నీటినిగూడ చేర్చుకొని, కర్నూలువద్ద తుంగభద్రలో కలియుచున్నది. గోనెగండ్లయొద్ద దానికి గాజులదిన్నె ఆనకట్ట కట్టి, కర్నూలు సమీపమున పెదపాడులో పుట్టి 1960లో ఆంధ్రప్రదేశమునకు ముఖ్యమంత్రియైన దామోదరం సంజీవయ్యగారి పేరు పెట్టిరి. అందు నాలుగున్నర శతకోటి ఘనపుటడుగుల నీరు, అనగా నాలుగున్నర టీ.ఎం.సీ.లు పట్టును. కృష్ణగిరి ప్రాంతపు వంకల నీరు సైతము తుదకు హంద్రికే చేరును. కావున మన బడి పైకప్పుమీద పడిన చినుకు, ఎవరును అడ్డగింపకున్నచో, కొండారెడ్డి బురుజు నీడను దాటి కృష్ణవేణితో కలిసి సముద్రమునకు పోవును. ఇది మేము మా విద్యార్థులకు భూగోళ పాఠమున చెప్పవలసియుండి చెప్పనిది. దేశపటమున గంగను యమునను చూపించితిమి. హంద్రిని చూపింపలేదు. తప్పు మాది.

ఇచ్చట ఒక విచిత్రమును చెప్పక తప్పదు. తొలకరి వానలు పడినంతనే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి, మద్దికెర పొలములకు దూరపు జిల్లాలనుండి సైతము జనులు వచ్చి వజ్రములకై నేలను వెదకుదురు. తలలు వంచి, గులకఱాళ్ళను ఒక్కొక్కటిగా త్రిప్పి చూచుచు దినములు గడపుదురు. దొరకినవారును లేకపోలేదు. వాన మట్టిని కడిగినందుననే ఆ ఱాయి బయటపడినది. ఆ కడిగిన నీరే హంద్రిలోనికి పోయినది. ఱాతికై అన్ని కన్నులు ఒకచోట చేరగా, కాళ్ళక్రిందనుండి పాఱిపోవు నీటిని చూచిన కన్ను ఒక్కటియు లేదు. మేము వజ్రములు వెదకువారిని నిందించుట లేదు. కఱవుసీమలో ఆశకూడ ఒక పంటయే.

మన ప్రాంతమున ఏడాది వర్షపాతము సుమారు 600 మిల్లీమీటర్లు. అది తక్కువ యనుటలో సందేహము లేదు. అయినను ఎంత తక్కువయో ఎవరైన లెక్కవేసిరా? ఎకరము 4,047 చదరపు మీటర్లు. దానిపై ఒక్క సెంటీమీటరు వాన కురిసినచో 40,000 లీటర్లకు పైబడిన నీరగును. ఏడాదిలో ఒక్క యెకరమునకు ఆకాశ మిచ్చునది 24 లక్షల లీటర్లు. అయిదువేల లీటర్లు పట్టు ట్యాంకరులతో తెప్పించినచో 480 ట్యాంకరులు. అంత నీరు మన చేనిమీద పడినపిదప, చైత్ర వైశాఖములలో ఒక్క ట్యాంకరుకొఱకు మన తల్లులు బిందెలు వరుసపెట్టి నిలుచుచున్నారు! అందఱి నీరును నిలిపివేయవలె నని మే మనుట లేదు. నేల త్రాగవలసినది త్రాగవలెను, ఏటికి పోవలసినది పోవలెను. కాని మన వాన నెమ్మదిగా కురియునది కాదు. పది పదునైదు దినములలో ఏడాది వానలో పెద్దభాగము కురిసిపోవును. నల్లరేగడి తడిసి ఉబ్బినపిదప నీటిని త్వరగా లోనికి తీసికొనదు. గట్టు లేని చేనినుండి నీరు మన్నుతోకూడ పరుగెత్తును. ఆ మన్ను ఎక్కడికి పోవును? మొదట చెఱువులోనికి, చెఱువు పూడిన పిదప ఏటిలోనికి, ఏటినుండి ఆనకట్టలోనికి.

ఆనకట్ట పూడుట యనగా నేమో ఆదోని, ఎమ్మిగనూరు రైతులకు వేఱుగా చెప్పనక్కఱలేదు. వారి పొలములకు నీరిచ్చునది తుంగభద్ర దిగువకాలువ. 1953లో తుంగభద్ర జలాశయము పూర్తియైననాడు అందు సుమారు 133 టీ.ఎం.సీ.ల నీరు పట్టెడిది. ఇటీవలి కొలతలలో అది సుమారు 105గా తేలినది. తక్కిన స్థలమంతయు పైనున్న చేలనుండి కొట్టుకొనివచ్చిన మన్ను ఆక్రమించినది. ఎవరో కర్ణాటకమున ఒక కొండవాలున గట్టు వేయనందున, ఎమ్మిగనూరు దగ్గఱ కాలువ చివరనున్న రైతుకు నీరు తక్కువైనది. 2024వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీ రాత్రి ఆ యానకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయినప్పుడు, నిండిన జలాశయము కన్నులయెదుట ఖాళీయగుచుండగా కాలువక్రింది గ్రామములలో ఎవరికిని నిద్రలేదు. వారము దినములలో దానికి తాత్కాలికపు అడ్డుపలకలు దించి నీటిని నిలిపిరి. ఆ గేటును గూర్చి దేశమంతయు మాటాడినది. కాని డెబ్బదేండ్లలో నిశ్శబ్దముగా పోయిన యిరువదెనిమిది టీ.ఎం.సీ.లను గూర్చి మాటాడినవారు అరుదు. గేటు విఱిగిన చప్పుడు వినబడును. మన్ను దిగిన చప్పుడు వినబడదు.

మన పూర్వు లీ సంగతి నెఱుంగనివారు కారు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెఱువుకట్టమీద 1369వ సంవత్సరపు శాసన మొకటి కలదు. విజయనగరపు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని వేయించెను. మంచి చెఱువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆఱు దోషములను అందు చెప్పిరి. నీరు తక్కువయై ఆయకట్టు ఎక్కువగుట ఒక దోషము, నీరు ఎక్కువయై భూమి తక్కువగుట ఒక దోషము. రెండు రాజ్యముల పొలిమేరలో చెఱువుండుట మఱొక దోషము! రాజోలిబండ నీటికై మూడు రాష్ట్రముల రైతులు వాదులాడుకొనుచున్న యీ కాలమున ఆ మాట చదివినచో, ఆఱునూఱేండ్ల క్రిందటి యా శిల్పి మన పత్రికలు చదివి వ్రాసెనా యనిపించును.

హంద్రి పుట్టినచోటికి అనతిదూరమున, గుత్తినుండి పత్తికొండకు పోవు మార్గమున ఎఱ్ఱగుడి కలదు. అక్కడి గుండ్లమీద క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దమున అశోకుడు తన ధర్మలిపులను చెక్కించెను. 1929లో వాటిని పండితలోకము గుర్తించినది. పత్తికొండ ప్రాంతమున రాజుల మందగిరివద్దను ఆయన చిన్న శాసన మొకటి యున్నది. ఎఱ్ఱగుడి చిన్న శాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును సాగును. చేను దున్నువాడు చాలు చివర ఎద్దులను మరల్చినట్లు ఆ చెక్కినవాడు పంక్తిని మరల్చెను. అదియు మన రైతుబిడ్డలకు ముచ్చటగొలుపు విషయమే. కాని మేము చెప్పదలచినది వేఱు. పెద్ద శాసనములలో రెండవదానియందు చక్రవర్తి తాను చేయించిన పనులను చెప్పుచు, మనుష్యులకును పశువులకును వైద్యము కల్పించితిననియు, దారుల వెంబడి బావులు త్రవ్వించి చెట్లు నాటించితిననియు తెలియజేసెను. కళింగమును జయించిన రాజు మన సీమలో చెక్కించిన గొప్ప పనులలో బావియు చెట్టును ఉన్నవి. ఆ గుండ్లను చూడబోయిన బడిపిల్లలు తమ పేర్లను సుద్దతో వ్రాసి వచ్చుట యెట్టి మర్యాదయో వారే యోచింతురు గాక.

అక్కడికి దగ్గఱనే పత్తికొండలో 1827వ సంవత్సరము జులై 6వ తేదీన సర్ తామస్ మన్రో కలరాతో మరణించెను. 1800 మొదలు 1807వఱకు దత్తమండలములకు కలెక్టరై, పిదప మద్రాసు గవర్నరై, ఉద్యోగము చాలించి స్వదేశమునకు పోవుటకు ముందు తాను ప్రేమించిన యీ మండలమును కడసారి చూడవచ్చి ఆయన ఇక్కడనే కన్నుమూసెను. ఆయన జ్ఞాపకార్థము పత్తికొండలో ఏమి చేసిరి? ఱాతిమెట్ల బావి కట్టి, తోపు నాటిరి. అప్పటికి కలరా చెడిన నీటివలన కలుగునని లోకమునకు తెలియదు. లండనులో జాన్ స్నో 1854లో దానిని చూపించువఱకు ఇంక నిరువదియేడేండ్లు గడువవలసియుండెను. తెలియకయే వారు సరియైన జ్ఞాపకచిహ్నమును నిలిపిరని మాకు తోచుచున్నది. చెడునీటివలన పోయినవానికి మంచినీటి బావికంటె తగిన స్మారక మేది?

రాజులు, గవర్నరులు కట్టించినది కొంత. ఊరివారు నిలుపుకొన్నది ఎంతయో కలదు. పూర్వము మన చెఱువులకు దశబంధపు మాన్యము లుండెడివి. చెఱువును బాగుచేయువానికి భూమి యిచ్చుట దాని పద్ధతి. నీరుగంటి తూము తెఱచుటయు మూయుటయు చూచుకొనెడివాడు. ఎవరి మడికి ఎప్పుడు నీరు పాఱవలెనో వానికి తెలియును. ఎంత పెద్ద రెడ్డియైనను వానితో వాదించి గెలువలేకపోయెడివా డని మన ముసలివారు నవ్వుచు చెప్పుదురు. వేసవిలో అందఱును పూడిక మన్ను తీసి బండ్లతో చేలకు తోలుకొనెడివారు. చెఱువు లోతగును, చేను బలియును. ఈ యేర్పాటులో దోషములు లేవని మేము చెప్పము. నీరు పంచుటలో పెద్దవానికి పెద్దవాటా, బీదవానికి కడపటి వంతు. కొన్ని కులములవారిని బావి యొరనుగూడ తాకనిచ్చెడివారు కారు. ఆ కాలము మరల రావలెనని కోరువారము కాము. ఆ పనిని మాత్రము కోరుచున్నాము.

చెఱువులు దొరతనము చేతిలోనికి పోయినపిదప ఊరివారి చేయి క్రమముగా వదలినది. బోరుబావులు వచ్చినపిదప చూపుకూడ వదలినది. నీరు భూమి క్రిందనుండి వచ్చుచుండగా పైనున్న చెఱువు ఎవరికి కావలెను? నేడు అనేక చెఱువులలో నీటికి మాఱు కంపచెట్లు నిండియున్నవి. వంకలను దున్ని చేలలో కలుపుకొన్నవారును కలరు. గజము జానెడైనది, జానె డిప్పుడు చాలైనది. 2009వ సంవత్సరము దేశమంతట నైరుతి వానలు తప్పిన యేడు. ఆ యేడే అక్టోబరు 2వ తేదీ నాటికి హంద్రి, తుంగభద్రలు ఒక్కసారి పొంగి కర్నూలు పట్టణమును ముంచినవి. మంత్రాలయమున తుంగభద్ర మఠములోనికి వచ్చినది. దాహముతో మొదలైన యేడు వఱదతో ముగిసినది. అంతటి వానకు చెఱువులు బాగుండినను సరిపోకపోవును, అది నిజమే. కాని ఏటికి తన దారి యెంత వెడల్పో మనము మఱచినను ఏఱు మఱవలేదని ఆనాడు తెలిసినది.

ఇసుకనుగూర్చి ఒక మాట. హంద్రి సంవత్సరమున చాల మాసములు ఇసుకయే. అందుచేత అది ఎండిపోయినదని అనుకొందుము. ఎండిపోలేదు, దాగినది. ఇసుకరేణువుల సందులలో నీరు నిలుచును. బండెడు తడియిసుకలో పావుబండికి తక్కువగాక నీరుండును. మన అవ్వలు చెలమ త్రవ్వి, ఊరిన నీటిని చిప్పతో తోడి, కడవ నింపి తెచ్చెడివారు. ఆ నీరు గుడ్డతో వడగట్టనక్కఱలేనంత తేటగా నుండెడిది. ఇప్పుడు రాత్రులందు ఆ యిసుక బండ్లు గాక లారీలెక్కి పోవుచున్నది. ఇసుక లేని యేటిలో వాన నీరు ఒక్క పూటలో పాఱిపోవును, ఒడ్డునున్న బావి మఱుసటి యేడు ఎండును. 2002లో జలము, భూమి, వృక్షములను కాపాడుటకు చేసిన చట్టము రాష్ట్రమున కలదు. చట్టము పుస్తకమున నున్నది, పార యేటిలో నున్నది. ఇసుక నెత్తువారు బీదలే, వారిపై మాకు కోపములేదు. వారిచే నెత్తించి అమ్ముకొనువారు బీదలు కారు. ఇల్లు కట్టుటకు ఇసుక వలదని ఎవరు చెప్పగలరు? ఎక్కడ, ఎంత, ఎప్పుడు తీయవలెనో ఊరివారి యెదుట, పగటివేళ నిర్ణయింపబడవలెనని మాత్రమే మా మనవి.

"ఇదంతయు దొరతనమువారి పనిగదా, బడిపిల్ల లేమి చేయుదురు?" అని తల్లిదండ్రులలో కొంద ఱడుగుదురు. వారికి మా హాజరుపట్టిక చూపెదము. కోసిగి, కౌతాళము, ఆదోని గ్రామములనుండి సుగ్గికి పోవు కుటుంబముల సంగతి మీ కెఱుకయే. గుంటూరు మిరపచేలకో, బెంగుళూరు కట్టడములకో తల్లిదండ్రులు పోవునప్పుడు బిడ్డలను వెంటబెట్టుకొని పోవుదురు. పట్టికలో ఆ పేర్ల యెదుట నెలలతరబడి గీతలు పడును. తిరిగివచ్చినవారిలో కొందఱు తరగతిని అందుకొనలేరు, కొందఱు తిరిగియే రారు. కిందటి తరగతిలో మొదటి వరుసలో కూర్చుండిన యొక బాలిక యీ యేడు పరీక్షకు లేదు. వర్షము తప్పుట భగవంతుని చేతిలోనిది కావచ్చును. కురిసిన వర్షమును నిలుపుకొనలేకపోవుట మన చేతిలోనిది. హంద్రి గూర్చిన ప్రశ్న మాకు పాఠశాల ప్రశ్నయే.

ఊరివారే పూనుకొన్న పనికి దృష్టాంతములు లేకపోలేదు. రాజస్థానమున అళ్వరు జిల్లాలో అర్వరి యను చిన్న యేఱు కలదు. అదియు మన హంద్రివలె వానపై నాధారపడినదే. 1980లనుండి అక్కడి గ్రామస్థులు తరుణ్ భారత్ సంఘమువారి తోడ్పాటుతో 'జోహడు' లను మట్టికట్టల చెఱువులను వందలకొలది కట్టుకొనిరి. ఎండిన యేఱు మరల పాఱినది. అంతటితో నూరకుండక, ఏటి వెంబడి యున్న సుమారు డెబ్బది గ్రామములవారు ఒక సభగా కూడి నీటిని, పంటను గూర్చిన కట్టుబాట్లు చేసికొనిరి. దూరపు మాట యెందుకు? మన కర్నూలుతో కలిపి ఏడు కఱవు జిల్లాలలో 2003లో మొదలైన రైతుల భూగర్భజల నిర్వహణ పథకమున రైతులు, అందు స్త్రీలును, వర్షమాపకములు చదివిరి. త్రాడు దించి బావుల లోతు కొలిచిరి. రబీకి ముందు ఊరంతయు కూడి, భూమిలో నీ రెంత యున్నది, ఏ పంటకు ఎంత పట్టును అని లెక్కవేసి గోడమీద వ్రాసిరి. వరి వేయవలదని ఎవ్వరును ఆజ్ఞాపింపలేదు. లెక్క చూచినవాడు తానే తగ్గించుకొనెను. మాకు ఈ సంగతి మిక్కిలి నచ్చినది. నాలుగవ ఫారము గణితము వచ్చినవాడు చేయగల పని యది.

1997లో నీటివినియోగదారుల సంఘములను గూర్చి చట్టము వచ్చినప్పుడు అదే ఆశతో అందఱును సంతసించిరి. కాలువక్రింద కొన్నిచోట్ల మేలు జరిగినది. మఱికొన్నిచోట్ల సంఘము ఎన్నికలనాడు పుట్టి బిల్లులనాడు మాత్రము కనబడెను. 2006 ఫిబ్రవరిలో అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆరంభమైన ఉపాధి హామీ పథకము క్రింద మన చేలలోను అనేక కుంటలు త్రవ్విరి. అందు నీరు నిలిచినవియు కలవు. నీరు వచ్చు దారి లేనిచోట త్రవ్విన గుంతలును కలవు. గుంత త్రవ్వినవానికి కూలి దొరకినది, అదియు పుణ్యమే. కాని వంక ఏ వైపునుండి వచ్చునో ఆ యూరి గొఱ్ఱెలకాపరి నడిగియుండినచో చెప్పియుండును.

హంద్రీ-నీవా కాలువను మేము తక్కువచేయుట లేదు. కఱవుసీమకు కృష్ణాజలము వచ్చుట తరతరముల కోరిక. అది నెఱవేఱిన దినమున కన్నీరు పెట్టిన రైతులను మే మెఱుగుదుము. అయినను ఆ నీరు విద్యుత్తుతో కొండలెక్కి వచ్చునది. శ్రీశైలము నిండవలెను, యంత్రము తిరుగవలెను, పైవారు వాడుకొనగా మిగులవలెను. ఇంటి బావిని పూడ్చుకొని పొరుగువాని బావికి త్రోవ వేసికొన్న గృహస్థుని వివేకియని ఎవరందురు?

మేము చేయదలచినది చిన్నది. బడి యావరణమున ఒక వర్షమాపకమును పాతితిమి. వాన కురిసిన ప్రతి యుదయము ఎనిమిదిన్నర గంటలకు ఒక విద్యార్థి దానిని చదివి వ్రాయవలెను. బడి చుట్టునున్న బావులలో నీటిమట్టమును నెలకొకసారి కొలువవలెను. బావుల యజమానులు ఇందుకు దయతో నొప్పుకొనిరి, ఒకరు మాత్రము "లెక్కవేసినచో నీరు తగ్గును" అని త్రోసిపుచ్చిరి. దసరా సెలవులలో పైతరగతులవారు బడివెనుక వంక వెంబడి హంద్రిదాక నడచి, ఎక్కడ పూడినదో, ఎక్కడ దున్నబడినదో, ఎక్కడ చెత్త పోయుచున్నారో పటము గీయుదురు. ఆ పటమును గ్రామసభయెదుట పెట్టుదుము. అందు తమ చేను కనబడినచో తల్లిదండ్రులు మాపై కోపింపకుందురు గాక. పిల్లలు చూచినదే గీయుదురు.

లెక్కల పుస్తకమునకు అట్ట వేసి, గడులు గీసి, కార్తెల పేర్లు వరుసగా వ్రాయించితిమి. ఆ పని తొమ్మిదవ తరగతివారు చేసిరి. రోహిణి యెదుట ఒక సున్న పడినది. మృగశిర యెదుటి గడి ఖాళీగా నున్నది.